లాభం, రెండు, మూడు

మీ అమ్మ పుట్టిల్లు ఎక్కడని హైదరాబాదులో ఎవరైనా అడిగితే కంబం దగ్గరంటాను. "ఓహో, మార్కాపురం అవతల. పెద్ద చెరువుంది కదండీ" అంటారు. ఆ కంబం కాదు, మదురైకి పడమట, కేరళ కొండల కింద ఇంకో కంబం ఉంది, అదీ అంటాను. "అరవదేశంలో కంబమా!" అని ఒక చూపు చూసి, "అయినా మీ తెలుగు బాగానే ఉందే" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు నాకు ముప్ఫై ఏళ్ళుగా అలవాటే. అక్కడ మమ్మల్ని వడుగులంటారు, ఇక్కడ అరవవాళ్ళంటారు. ఎలా పిలిచినా పలుకుతాను.

మా సొంతూరు కోయంబత్తూరుకు తూర్పున, సూలూరు వైపు. నల్లరేగడి, కంబోడియా పత్తి, తొంగిచూస్తే కళ్ళు తిరిగే బావులు. వేసవిలో బడి మూశారంటే అమ్మ మమ్మల్ని వెంటేసుకుని పుట్టింటికి బయల్దేరేది. పొళ్ళాచ్చి, ఉడుమలై, పళని, ఒట్టన్‌ఛత్రం, వత్తలగుండు, తేని. 1960లలో ఆ దారిలో ప్రయాణమంటే రెండు మూడు బస్సులు మారడం, నిమ్మకాయ వాసన చూస్తూ వాంతి ఆపుకోవడం. దీపాలు పెట్టేవేళకు చిన్నమనూరులో దిగితే తాత బండి కట్టించుకొచ్చి ఉండేవాడు. ఊరి పేరు చెప్పను. చెబితే మా మామ కొడుకులకు ఫోన్లు పోతాయి. చిన్నమనూరుకూ ఉత్తమపాళయానికీ నడుమ ఉందనుకోండి, చాలు.

పొద్దున లేచి చూస్తే పడమట గోడకట్టినట్టు కొండలు. ఈ లోయకు పచ్చదనం ఇచ్చింది పెరియార్ నీళ్ళు. అరేబియా సముద్రం వైపు పోయే ఏటికి అడ్డంకట్టి, కొండకు సొరంగం తొలిచి, నీళ్ళను తూర్పుకు తిప్పారు. ఆనకట్ట 1895లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు పెన్నీక్విక్ పేరు పిల్లలకు పెట్టుకున్న ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయక్కడ. ఆయన పుట్టింది జనవరి 15న. ఆ రోజు దొరగారికి పొంగలి పెడతారు. మా తాతకు కాలవ కింద వరిమడి కొద్దిగా, కాలవ నీరెక్కని మెట్ట ఇంకొంత ఉండేవి. నేను చెప్పబోయేదంతా ఆ మెట్ట గురించే.

ఊరు మాకంటే చాలా పాతది. చిన్నమనూరులో దొరికిన రాగిరేకుల మీద పాండ్యరాజుల వంశావళి ఉంది. ఆ లెక్కన వెయ్యేళ్ళ కిందటికే అక్కడ గుడీ, మడీ, మాన్యం అన్నీ ఉన్నాయి. మేం ఆఖర్న వచ్చినవాళ్ళం. పద్నాలుగో శతాబ్దంలో విజయనగరం తరఫున కుమార కంపన మదురై గెలవడం, 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు అక్కడ కుదురుకోవడం, నేలనంతా 72 పాళయాలుగా పంచడం, ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. మా లోయ ఉత్తరపు కొసన ఉన్న బోడినాయకనూరు జమీందార్లు గుత్తి నుంచి వచ్చామని తమ వంశకథలో చెప్పుకుంటారు. మా తాత కూడా మనది గుత్తిసీమే అనేవాడు. మా వంశానికి కథ రాసి పెట్టినవాళ్ళెవరూ లేరు కనక, జమీందారు కథలో ఒక పక్కన మా బండి కూడా కట్టాడని నా అనుమానం.

అవ్వ చెప్పే కథ ఇంకోటి. తురకరాజు పిల్లనడిగితే ఇవ్వలేక రాత్రికి రాత్రి మూటాముల్లే కట్టి వస్తూంటే ఏరు పొంగింది. వెనక గుర్రాల డెక్కల చప్పుడు. అవతలి గట్టున కానుగ చెట్లు ఇటు వంగి కొమ్మలు చాచాయి. ఆ కొమ్మల మీదుగా అందరూ దాటాక చెట్లు మళ్ళీ నిటారుగా లేచాయి. ఇది అసలు రాజకంబళం నాయకులు చెప్పుకునే కథ. దేవదుందుభి మోగితే దేవరాట్టం ఆడేవాళ్ళు, జక్కమ్మను కొలిచేవాళ్ళు. మేం వాళ్ళం కాదు. కానీ అవ్వ ఈ కథను సొంత అత్తగారింట్లో జరిగినట్టే చెప్పేది. "మరి ఎద్దులెట్ల దాటినాయి అవ్వా, కొమ్మ మీద?" అని నేనడిగితే, "ఎద్దులు లేకుండా మనవాళ్ళు ఎక్కడికి వస్తిరి? అవీ దాటినాయి, పో" అని కసిరేది.

ఆ ఇంట్లో తెలుగు మాటలే గాని తెలుగు అక్షరం లేదు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో మదురై గద్దె మీద కూర్చున్న విజయరంగ చొక్కనాథుడు తెలుగులో వచన గ్రంథాలు రాశాడు. దక్షిణాంధ్ర యుగమని ఆంధ్రాలో పిల్లలకు దాన్ని పాఠం చెబుతారు. మా తాతకు అదేమీ తెలియదు. ఆయన ఉత్తరాలు తెలుగులోనే రాసేవాడు, తమిళ అక్షరాలతో. తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం, 'ప'కూ 'బ'కూ ఒకటే. మెట్టలో తరవాత వేసిన ద్రాక్ష పండిన మొదటి ఏడాది ఆయన ఆండిపట్టి వైపు ఉండే మా పెద్దమామకు, నలభై గంపలు కావాలి, బేరం చేసి పంపించమని కార్డు రాశాడు. నాలుగో రోజు రెండు బండ్ల నిండా తుమ్మకంప వచ్చి వాకిట్లో దిగింది. మామ దాన్ని 'కంపలు' అని చదివాడు. తోటకు కంచె వేసుకుంటారు కాబోలు అనుకున్నాడట. తాత తిట్టిన తిట్లకు మాత్రం అక్షరభేదం అక్కర్లేకపోయింది. ఆ కంపతోనే కంచె వేశారు, పదేళ్ళు నిలిచింది.

నాకు తెలుగు రాయడం ముప్ఫై దాటాక, ఉద్యోగానికి ఇక్కడికొచ్చాక వచ్చింది. మొదట రాసుకున్న మాటల్లో 'గంప' ఒకటి.

మెట్టచేలో కపిల బావి ఉండేది. తమిళంలో కవలై అంటారు. ఆంధ్రాలో కొందరు మోట అన్నా రాయలసీమలో ఇప్పటికీ పెద్దవాళ్ళు కపిల అనే అంటారు. ఆ మాట అనంతపురంలో మొదటిసారి విన్నరోజు నా ఒళ్ళు ఝల్లుమంది. గట్టు మీద రెండు నిలువు రాళ్ళు, వాటి నడుమ దూలం, దూలానికి గిలక. గిలక మీదుగా చేతి మణికట్టంత లావు మోకు. మోకు కొసన బాన. నేను చూసేనాటికే బాన ఇనపరేకుది, దాని అడుగున తగిలించిన తొండం మాత్రం తోలుదే. తొండం కొసకు ఇంకో సన్నతాడు, అది కింది ఉరుళు మీదుగా వస్తుంది. ఎద్దులు వాలుబాటలో దిగుతూంటే బాన పైకి లేస్తుంది. తొండం మడిచిన చెయ్యిలా పైకి చూస్తూ ఉంటుంది. తొట్టి దగ్గరకు రాగానే సన్నతాడు లాగడంతో తొండం మూతి తొట్టిలోకి తెరుచుకుంటుంది. భళ్ళున నీళ్ళు. ఎద్దులు దిగేటప్పుడే తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువు కూడా వేస్తాడు. తరవాత ఎద్దులు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ గట్టెక్కాలి. ముందుకు నడిచే ఎద్దును ఎవరైనా తోలగలరు. వెనక్కి నడిపించడమే పని.

తెల్లవారుజామున నాలుగింటికి కట్టేవాళ్ళు. పడుకున్న చోటికి గిలక కిర్రుమనడం, నీళ్ళు పడడం, మళ్ళీ కాసేపు నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో "వెనక్కి రా, వెనక్కి రా, నా నాయనా, రా" అనే గొంతు వినిపించేవి. ఎద్దులకు తెలుగు తప్ప వేరే భాష రాదు. ఒకసారి పాలేరు జ్వరంతో పడితే తమిళం మాట్లాడే కుర్రాణ్ణి పెట్టారు. వాడెంత అదిలించినా అవి వాలుబాట మధ్యలో నిలబడి వాడి మొహం చూస్తూ ఉండిపోయాయి. అవ్వ పొయ్యి మీద సంగటికి ఎసరు వదిలేసి బావి దగ్గరకొచ్చి ఒక్క అరుపు అరిచింది. కదిలాయి.

తొండం కుట్టేది అరుంధతీయుల ఇంటి పెద్దాయన. ఊరికి అవతల ఉండే ఆ వాడలో కూడా తెలుగే. మా ఇంట్లో తమిళం కలిసిన తెలుగు, వాళ్ళింట్లో అంతకంటే చిక్కని తెలుగు. తొండం చిరిగిందని కబురు చేస్తే ఆరె, సూదీ, వారులూ పట్టుకొచ్చి బావిగట్టున వేపచెట్టు కింద కూర్చునేవాడు. తోలు నానబెట్టి, రెండంచులూ ఒకదాని మీదొకటి వేసి, నీళ్ళు కారకుండా కుట్టు మీద కుట్టు వేసేవాడు. ప్రతి కుట్టునూ బొటనవేలితో నొక్కి చూసుకునేవాడు. నేను పక్కన గొంతుకూర్చుని చూస్తూంటే ఒక్కొక్కటీ పేరు చెప్పేవాడు. నాకు తెలిసిన కపిల మాటల్లో సగం ఆయన నోటినుంచి వచ్చినవే. మా తాతకంటే పెద్దవాడు, అయినా తాతను 'సామీ' అనేవాడు, తాత ఆయన్ని 'ఏరా' అనేవాడు. మజ్జిగ కొబ్బరిచిప్పలో, అదీ ఎత్తి పోసేది అవ్వ. భాష ఒకటే కదా, మరి వాకిట్లోకెందుకు రాడని నేనడిగితే ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదు. భాష మనుషుల్ని కలుపుతుందని సభల్లో అంటూంటే నాకు ఆ కొబ్బరిచిప్ప గుర్తొస్తుంది.

ఆ కపిలను ఆపింది మా నాయనే.

కోయంబత్తూరు వైపు 1930లలోనే నీలగిరుల నుంచి పైకారా కరెంటు వచ్చింది. మిల్లులకెంత ఉపకారమో బావులకూ అంతే. 1937లో జి.డి. నాయుడి ఊరైన కోయంబత్తూరులోనే దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు తయారయిందని మావాళ్ళు మీసం దువ్వుకుంటూ చెప్పుకుంటారు. ఆయన పుట్టిన కలంగల్ మాకు పక్కనే. అంచేత మా నాయనకు మోటారంటే మనింటి పిల్లలాంటిది. 1966 వేసవిలో అత్తగారింటికి చీరలూ పళ్ళూ కాకుండా లారీలో ఐదు హార్సుపవరు మోటారూ పంపూ వేసుకొచ్చాడు. "మామా, ఇంక మీ ఎద్దుల్ని పడుకోనీండి" అన్నాడు. తాత కాదనలేదు. స్విచ్చి వేసిన రోజు ఊరంతా వచ్చి చూసింది. కపిలతో నాలుగు రోజులు పట్టే తడి ఒక్క పూటలో అయిపోయింది. సాయంత్రం ఎద్దులు ఎప్పటిలాగే వాలుబాట మొదట్లో వచ్చి నిలబడ్డాయి. పాలేరు వాటిని కొట్టానికి తోలుకుపోయాడు. ఆ ఏడాది దీపావళికి తొండం కుట్టే పెద్దాయన ధాన్యానికి రాలేదు. కుట్టని తొండానికి ధాన్యం అడగడం ఆయనకు చేతకాలేదనుకుంటాను. తాతకు పిలిచి ఇవ్వాలని తోచలేదు.

నీళ్ళు చాలాయి కనక మెట్టలో ద్రాక్ష వేశారు. పన్నీర్ ద్రాక్ష. జున్నులాంటి ఉత్తరాది పనీరు అనుకునేరు, ఇది మన పెళ్ళిళ్ళలో చిలకరించే పన్నీరు. గుత్తి దగ్గర ముక్కు పెడితే గులాబీ వాసన వస్తుంది. విదేశీ పేరు మస్కట్ హాంబర్గ్. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి పాదిరీ ఒకరు తెచ్చిపెట్టారని లోయలో చెప్పుకుంటారు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. లోకంలో చాలాచోట్ల ద్రాక్ష ఏడాదికొకసారి పండుతుంది, పండగలా. మా లోయలో తీగ కత్తిరించిన నాలుగు నెలలకు కోతకొస్తుంది. ఒక తోటలో పూత, పక్కతోటలో పండు. ఫ్రాన్సులో ద్రాక్ష ఊళ్ళు చూసొచ్చిన మా అమ్మాయి ఫోటోలు చూపిస్తే, తీగలు నడుమెత్తు వరసల్లో బడిపిల్లల్లా నిలబడి ఉన్నాయి. మాది పందిరి. మనిషెత్తు పైన రాతి కూసాల మీద తీగలల్లి, ఆకాశం కనబడకుండా కప్పేసేవి. మిట్టమధ్యాహ్నం ఆ కింద పచ్చటి చీకటి. తలెత్తితే నుదుటికి తగిలేలా గుత్తులు. నల్లటి పండు మీద సన్నటి బూడిద పూసినట్టుంటుంది. వేలు తగిలితే అక్కడ అది చెరిగి, తళుక్కున నల్లమచ్చ పడుతుంది. ఎవరు దొంగతనంగా తాకారో ఆ మచ్చే చెప్పేసేది. నా వీపు మీద తాత చెయ్యి రెండుసార్లు అలాగే పడింది.

కపిల దగ్గర మాకు ప్రతి తాడుకూ ఒక తెలుగు పేరుండేది. పందిరి కింద ఒక్కటీ లేదు. కత్తిరింపును కవాత్తు అనేవాళ్ళు. తెలుగులో కవాతు పోలీసులది. తెగులుకు కొట్టేది మరుందు. మైలుతుత్తం, సున్నం కలిపి పీపాలో కలియబెడితే మా చిన్నమామ చేతులు మోచేతుల దాకా నెమలికంఠం రంగు తిరిగేవి. మైలుతుత్తం అనే మాట మాత్రం అవ్వ వదల్లేదు. గుత్తిని కొత్తు అనేవాళ్ళం. గుత్తి నుంచి వచ్చామని చెప్పుకునేవాళ్ళం గుత్తి అనే మాట మర్చిపోయాం. ఎవరూ మా తెలుగును నిషేధించలేదు, ఎవరూ వెక్కిరించలేదు కూడా. కొత్త పంట తన మాటలు తాను తెచ్చుకుంది. పాత మాటలు పాత సామానుతో అటకెక్కాయి. మనుషులు భాష మర్చిపోతారని అంటాం గాని, నాకు తెలిసి ముందు పని పోతుంది.

ఒక్క లెక్క మిగిలింది. కోతరోజు కేరళ వ్యాపారి లారీ కుమిలి కనుమ దిగి వచ్చేది. గంపల్లో అరిటాకు పరిచి, గుత్తులు తొడిమ పైకి పెట్టి సర్ది, తూచి ఎక్కించేవాళ్ళు. లెక్కపెట్టేది అవ్వ. వడ్లు కొలిచినట్టే, "లాభం, రెండు, మూడు" అని మొదలెట్టేది. ఒకటి అనకూడదు. ఆరు తరవాత ఏడు అనకూడదు, ఇంట్లో ఏడుపెందుకు? "ఆరున్నొకటి" అనేది. వ్యాపారి మనిషి కొత్తవాడైతే గందరగోళపడేవాడు. లాభం అన్న గంపకు డబ్బు కట్టాలా వద్దా అని ఒకడు నిజంగానే అడిగాడు. "లాభం నాకు, గంప నీకు. ఎక్కించు" అంది అవ్వ తమిళంలో.

వానకు పగిలిన పళ్ళను వ్యాపారి తీసుకోడు. వాటి సంగతి తాత చూసుకునేవాడు. ఆయనకు రాయప్పన్‌పట్టిలో ఒక క్రైస్తవ స్నేహితుడుండేవాడు. క్రిస్మస్‌కు ఇంట్లో ద్రాక్షరసం ఎలా పులియబెట్టాలో ఆయన నేర్పాడు. ఊరగాయ జాడీలో పళ్ళు చిదిమి, చక్కెర, గుప్పెడు గోధుమలు వేసి, గుడ్డ కట్టి, గడ్డివామిలో గుచ్చేవాడు. అవి మద్యనిషేధం రోజులు. 1948లో రాష్ట్రమంతటా వచ్చిన నిషేధం 1971 దాకా నడిచింది. నేరం చేస్తున్నానని తాతకు తెలుసు, అందుకే ఆ రుచి. ఒక మధ్యాహ్నం గడ్డి లాగడానికెళ్ళిన అవ్వ లోపల్నుంచి బుసబుసమని చప్పుడు విని పామనుకుంది. కర్ర పట్టుకుని నలుగురూ చేరారు. గడ్డి తీస్తే జాడీ, జాడీ మీద ఉబ్బిన గుడ్డ. అవ్వ ఏమీ అనలేదు. జాడీ ఎత్తి, తాత చూస్తూండగా ద్రాక్షతీగల మొదట్లోనే పోసింది. "వాటి పండు వాటికే పోస్తిమి" అంది. నిషేధం ఎత్తేసి అంగళ్ళు తెరిచాక తాత ఎప్పుడూ పులియబెట్టలేదు. అంగట్లోనూ కొనలేదు.

అవ్వ పోయాక గంపలు పోయాయి, అట్టపెట్టెలు వచ్చాయి. లెక్క తమిళంలో. మామ పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, వాళ్ళ పిల్లలకు అదీ లేదు. 2010 ఆఖర్న ఆపేసిన మదురై-బోడి మీటరుగేజీ బండి 2023లో పెద్ద పట్టాలెక్కి బోడి దాకా తిరిగొస్తే, దాని కోసమే మదురైలో ఎక్కి తేనిలో దిగి ఊరికి పోయాను. సగం తోట కొబ్బరిగా మారింది. బావి మీద ఇనపజాలీ, లోపల నీరు లేదు. పక్కనే బోరు. మిగిలిన సగంలో ద్రాక్షపందిరి అలాగే ఉంది. నాకు తోట చూపించడానికి మామ మనవడు వచ్చాడు, పదేళ్ళవాడు. పందిరి ఈశాన్యం మూల రెండు కూసాలు తక్కిన వాటికంటే ఎత్తుగా, లావుగా ఉన్నాయి. దగ్గరకెళ్తే తెలిసింది. కపిల రాళ్ళు. గిలక దూలం పట్టిన గుంటలున్నాయి. ఒకదాని పక్కన, మోకు రాసుకుని రాసుకుని పడిన గాడి, నా అరచెయ్యి పట్టేంత లోతున నున్నగా ఉంది. చెయ్యి అందులో పెట్టి నిలబడిపోయాను.

"ఏమిటి తాతా అది?" అన్నాడు వాడు తమిళంలో.

కపిల అంటే వాడికి తెలియదు. అందుకని తమిళంలోనే, ఇది కవలై రాయి అన్నాను. ఆ మాటకు తమిళంలో ఇంకో అర్థం ఉంది, విచారమని. వాడికి తెలిసింది అదొక్కటే.

"రాయికేం విచారం తాతా!" అని నవ్వి, నా చెయ్యి తీసేసి తన చెయ్యి పెట్టి చూసుకున్నాడు. గాడిలో ఇంకా చోటు మిగిలింది.